స్టేషన్ బోర్డు మీద నూజివీడు

విజయవాడలో ప్యాసింజర్ ఎక్కి హనుమాన్ జంక్షన్‌లో దిగాలనుకున్న కొత్త మనిషి మొదటిసారి కంగారుపడి తీరతాడు. రైలు ఆగుతుంది. కిటికీలోంచి తొంగిచూస్తే పసుపు బోర్డు మీద నూజివీడు పేరు ఉంటుంది. నూజివీడు ఊరికి అక్కణ్ణుంచి రోడ్డు మీద ఇంకా పదిహేను కిలోమీటర్ల పైమాటే. దిగిన చోటు మాత్రం నిఖార్సుగా హనుమాన్ జంక్షనే. పోనీ మండలం పేరన్నా అదేనా అంటే, కాదు, బాపులపాడు.

ఒకే చోటుకి మూడు పేర్లు. రైల్వేవాళ్లది ఒకటి, రెవెన్యూవాళ్లది ఒకటి. కాగితాల మీద రెండూ గట్టివే. కానీ బస్సు దగ్గర నిలబడి కేకేసే కండక్టరు ఆ రెండూ పలకడు. "జంక్షన్, జంక్షన్, జంక్షన్" అంటాడు. విజయవాడ, ఏలూరు, గుడివాడ, నూజివీడు రోడ్లు కలిసే చోట ఆంజనేయస్వామి గుడి ఉంది. నూజివీడు జమీందారులు కట్టించారని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. దారిన పోయేవాళ్లు గుడిని గుర్తుపెట్టుకున్నారు, ఆ గుర్తే ఊరి పేరైపోయింది.

వెబ్‌సైటు పెట్టుకున్నవాళ్లకి నేను చెప్పే ఎస్ఈఓ పాఠం ఈ బోర్డు కిందే మొదలవుతుంది. సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్ అని పూర్తి పేరు పలికితే అదేదో కంప్యూటర్ చదువులా వినిపిస్తుంది గానీ, అందులో సగానికి పైగా ఉన్నది ఇదే: మీరు పెట్టుకున్న పేరు వేరు, జనం వెతికే పేరు వేరు. మీ సైటు మీద రాసుకున్నది స్టేషన్ బోర్డు. గూగుల్లో జనం కొట్టేది కండక్టరు కేక.

మా మేనమామ కొడుక్కి నూజివీడు వైపు మామిడితోట ఉంది. ఆమధ్య వాళ్లింటికి భోజనానికి వెళ్తే, పప్పులో నెయ్యి వేసుకోకముందే ఫోను నా చేతిలో పెట్టాడు.

"బావా, సైటు పెట్టి రెండేళ్లయింది. ఇరవై వేలు పోశాను. ఒక్క ఫోను లేదు. గూగుల్‌కి డబ్బు గానీ కట్టాలా ఏంటి?"

చూశాను. పైన సూర్యోదయం బొమ్మ. దాని మీద గుండ్రంగా తిరిగే ఓ ఆకు. కింద పెద్ద అక్షరాల్లో, ప్రకృతి ఒడిలో పండిన మధురిమ, తరతరాల నమ్మకం, మీకు స్వాగతం. ఇంకా కిందికి జరిపితే రేట్ల పట్టిక. ఆ పట్టిక మీద వేలు పెట్టి నొక్కిపట్టాను. అక్షరం నీలంగా మారలేదు, కాపీ అవ్వలేదు. అంటే అది రాత కాదు, బొమ్మ. డీటీపీ షాపులో పాంప్లెట్ కోసం చేయించినదాన్నే తెచ్చి ఇక్కడ అతికించారు. బ్రౌజరు ట్యాబు మీద పేజీ పేరు చూస్తే 'హోమ్' అని ఉంది.

"ఒరే, నువ్వు మామిడిపళ్లు అమ్ముతావని ఈ పేజీలో ఎక్కడుందిరా?"

"అదిగో, బొమ్మలో ఉందిగా బావా. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి, అన్నీ రాయించాను."

"అది నీకూ నాకూ కనపడుతుంది. గూగుల్‌కి ఇక్కడ కనపడుతున్నది స్వాగతం, మధురిమ, నమ్మకం. ఈ మూడు మాటలూ పెళ్లిపత్రికల వాళ్లకీ, చిట్‌ఫండ్ వాళ్లకీ కూడా పనికొస్తాయి."

వాడు కాసేపు మాట్లాడలేదు. అత్తయ్య మాత్రం వంటింట్లోంచి, "నేను ముందే చెప్పాను, ఆ ఆకు తిరుగుతుంటే కళ్లు తిరుగుతున్నాయని" అంది.

డబ్బు సంగతి ముందు తేల్చేద్దాం. గూగుల్ డబ్బు తీసుకునేది ప్రకటనలకే. వాటి మీద అది ప్రకటన అని రాసే ఉంటుంది. వాటి కింద వచ్చే మామూలు ఫలితాల వరసలో ముందుకు జరపడానికి రూపాయి కూడా తీసుకోదు. దాని పని మూడు మెట్లు. దాని మర ఒకటి లింకులు పట్టుకుని పేజీ నుంచి పేజీకి తిరుగుతూ ఉంటుంది. చదివినదాన్ని ఇండెక్స్ అనే పెద్ద చిట్టాలో రాసుకుంటుంది. మనం ఏదైనా వెతికినప్పుడు ఆ చిట్టాలోంచి తీసి వరస కట్టి చూపిస్తుంది. మా వాడి సైటు చిట్టాలో లేక కాదు, ఉంది. మామిడి అనే అరలో లేదు, అంతే.

వరస ఎలా కడుతుందన్నదానికి మనవాళ్లకి బాగా తెలిసిన పోలిక ఒకటుంది. సంబంధం వచ్చినప్పుడు అబ్బాయి గురించి అబ్బాయినే అడగం. ఆ ఊళ్లో నలుగురిని అడుగుతాం. ఆ నలుగురిలో కూడా పెద్దమనిషి మాటకి విలువెక్కువ, టీకొట్టు దగ్గర కూర్చున్నవాడి మాటకి తక్కువ. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్ కంపెనీ పెట్టేనాటికి వాళ్ల చేతిలో ఉన్న కిటుకు ఇదే. ఒక పేజీకి ఎవరెవరు లింకు ఇచ్చారు, ఆ ఇచ్చినవాళ్లకి ఎంత పరపతి ఉందని చూడడం. దానికి పేజ్‌ర్యాంక్ అని పేరు పెట్టారు. ఇప్పుడు ఇంకా ఎన్నో విషయాలు కలిశాయి గానీ ఆరా తీసే స్వభావం పోలేదు.

సరే, మా వాడి సైటుకి ఏం చేశాం? ముందు 'హోమ్' తీసేశాం. ఆ చోట 'నూజివీడు చిన్న రసాలు, పెద్ద రసాలు: తోట నుంచి విజయవాడ, హైదరాబాద్‌కు పార్శిల్' అని పెట్టాం. సెర్చ్ ఫలితాల్లో నీలం రంగులో కనబడే వరస సాధారణంగా ఇదే. పేజీలో ఉన్న అన్ని మాటల్లోకి ఖరీదైన స్థలం ఇది. దీన్ని 'హోమ్', 'వెల్‌కమ్' లాంటి మాటలకి ఇవ్వడమంటే విజయవాడ బీసెంట్ రోడ్డులో షాపు అద్దెకి తీసుకుని షట్టరు దించుకోవడమే. దాని కింద వచ్చే రెండు వరసల వివరణ వల్ల ర్యాంకు పెరగదు, కానీ అది చదివే మనిషి నొక్కాలో వద్దో తేల్చుకుంటాడు. అందులో పండు రకం, ఏ నెలల్లో దొరుకుతుంది, ఎక్కడికి పంపుతారు అన్నవి చాలు. కీవర్డ్స్ ట్యాగ్ అని ఇంకొకటి ఉండేది, ఇప్పటికీ కొందరు దాంట్లో వంద మాటలు కుక్కి ఇస్తుంటారు. ర్యాంకింగ్ కోసం దాన్ని చూడనే చూడమని గూగుల్ 2009లోనే చెప్పేసింది. మీ సైటు చేసేవాడు దాని గురించి గొప్పగా చెబుతున్నాడంటే పాత నోట్సు పట్టుకుని తిరుగుతున్నాడని లెక్క.

రేట్ల బొమ్మ తీసేసి మామూలు రాతగా పెట్టాం. ఇక్కడే మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా ఉన్న చిక్కు చెప్పాలి. డీటీపీ షాపు కుర్రాడు ఆ పట్టికని ఫైలుగా కూడా ఇచ్చాడు. అందులోంచి కాపీ చేసి సైటులో పెడితే తెలుగు రావాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలూ, గుర్తులూ కలగాపులగంగా వచ్చాయి. కారణం, అది అను ఫాంటులో కొట్టింది. విజయవాడలో పుస్తకాలూ, కరపత్రాలూ, శుభలేఖలూ ఎన్నో ఏళ్లుగా ఆ ఫాంట్లలోనే తయారవుతున్నాయి, అచ్చుకి అవి అందంగానే ఉంటాయి. కానీ ఆ పాత పద్ధతిలో కంప్యూటరు లోపల దాచుకునేది తెలుగు అక్షరాన్ని కాదు, వేరే గుర్తుని. పైన తెలుగు తొడుగు వేస్తుంది. తొడుగు తీస్తే లోపల తెలుగు లేదు. యూనికోడ్‌లో అలా కాదు, 'మ' అంటే ప్రపంచంలో ఏ కంప్యూటర్లోనైనా 'మ' యే. తెలుగుకి యూనికోడ్‌లో 1991లో మొదటి వెర్షన్ నుంచీ చోటుంది. ఒకప్పుడు మన దినపత్రికల సైట్లు కూడా సొంత ఫాంట్లతో నడిచేవి. ఫాంటు దింపుకోకపోతే చదవడం కుదిరేది కాదు, సెర్చ్‌లో దొరికేదీ కాదు. ఆ రోజుల్లో రాసిన మంచి మంచి వ్యాసాలు ఎన్ని అలా గల్లంతయ్యాయో. అందుకని మీ దగ్గర ఉన్న పాత మేటరుని మళ్లీ కొట్టించైనా యూనికోడ్‌లోకి మార్చండి. పరీక్ష సులభం: మీ పేజీలోంచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్టు చేయండి. తెలుగులా పడితే యూనికోడే.

ఇంకో చిన్న చిక్కు పేజీ అడ్రసులో వస్తుంది. అడ్రసులో తెలుగు అక్షరాలు పెట్టుకోవచ్చు, గూగుల్ చదువుకుంటుంది. కానీ ఆ లింకుని కాపీ చేసి ఎవరికైనా పంపితే ఒక్కో గుర్తూ శాతం గుర్తులూ అంకెలూ కలిసి తొమ్మిది అక్షరాలుగా విచ్చుకుంటుంది. 'మామిడి' అన్న మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు. మొత్తం 54 అక్షరాలవుతుంది. అది చూసినవాడు వైరస్ అనుకుని తుడిచేస్తాడు. కాబట్టి రాత తెలుగులో పెట్టండి, అడ్రసు మాత్రం పొట్టిగా ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచండి.

ఇప్పుడు మళ్లీ కండక్టరు కేక దగ్గరికి వద్దాం, ఈ అధ్యాయానికి అదే ఆయువుపట్టు.

జనం ఏ మాటలతో వెతుకుతారో మీకు ఎలా తెలుస్తుంది? ఖరీదైన సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. మీ ఊరి స్థాయి వ్యాపారానికి అవసరం లేదు. మా వాడి వాట్సాప్ తెరిపించి పోయిన సీజన్లో కొత్తవాళ్లు పంపిన మొదటి మెసేజీలు మాత్రం ఒక నోటుబుక్కులో రాయించాను. సగం మంది తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టారు. నూజివీడు పేరుని నాలుగు రకాలుగా రాశారు, రైల్వే స్పెల్లింగు ఒకరు, ఊళ్లోవాళ్ల స్పెల్లింగు ఒకరు. 'మధురిమ' అన్న మాట ఒక్కరూ వాడలేదు. ఒకే ప్రశ్న మాత్రం పదే పదే వచ్చింది, మాటలు మారినా: "కార్బైడ్ వేసి మగ్గబెట్టినవి కాదుగా?"

ఆ ప్రశ్నకి సైటులో జవాబు లేదు. తోటలో ఉంది. వాడు కాయ కోసే రోజు ఎలా నిర్ణయిస్తాడో, తొడిమ ఎంత వదులుతాడో, జీడి కారకుండా ఎలా బోర్లిస్తాడో, గడ్డిలో ఎన్ని రోజులు వేస్తాడో గంటసేపు చెప్పగలడు. చెప్పమన్నాను, ఫోన్లో రికార్డు చేశాను, దాన్నే పేజీగా రాశాం. కాల్షియం కార్బైడ్‌తో మగ్గబెట్టడం మన దేశంలో నిషేధమని, ఎథిలీన్ వాయువుని 100 పీపీఎం దాకా ఆహార భద్రతా సంస్థ ఒప్పుకుంటుందని, రెండింటికీ తేడా ఏమిటో కూడా చేర్చాం. బుట్టలో గడ్డి పరుస్తున్న వాడి చేతుల ఫొటో పెట్టాం. ఆ ఫొటోకి వెనక 'వరిగడ్డిలో మగ్గవేస్తున్న చిన్న రసాలు' అని ఆల్ట్ రాతగా ఇచ్చాం. కళ్లు కనపడనివాళ్ల ఫోను చదివి వినిపించేదీ, ఆ ఫొటోలో ఏముందో గూగుల్ తెలుసుకోవడానికి చూసేదీ ఆ రాతే.

పేజీల విలువ తూచేవాళ్లకి గూగుల్ ఇచ్చే మార్గదర్శకాల్లో నైపుణ్యం, అధికారికత, నమ్మకం అనేవి ముందే ఉన్నాయి. 2022 డిసెంబరులో వాటి పక్కన అనుభవం కూడా చేర్చారు. చేసినవాడు రాశాడా, చూసినవాడు రాశాడా, విన్నవాడు రాశాడా అన్న తేడా అది. కంప్యూటరు చేత వందల పేజీలు రాయించి గుట్టలు పోయడం ఇప్పుడు తేలికే. ర్యాంకు కోసమే అలా పోసిన గుట్టల మీద 2024 మార్చిలో గూగుల్ నిబంధనలు బిగించింది. తోట ఉన్నవాడికి ఆ గుట్ట ఎందుకు? జీడి కారడం గురించి వాడికి తెలిసిన నాలుగు ముక్కలు చాలు.

మాటలు వినడానికి రెండో సాధనం సెర్చ్ కన్సోల్. గూగుల్ ఉచితంగా ఇస్తుంది, సైటు మీదేనని రుజువు చూపించుకోవాలి. ఏ మాటలకి మీ పేజీ కనిపించింది, ఎందరు నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉంది, 16 నెలల వెనక దాకా చూపిస్తుంది. నెలకొకసారి చూస్తే చాలు. రోజూ చూడకండి, బీపీ తప్ప ఏమీ పెరగదు. కనిపించడం ఎక్కువగా ఉండి నొక్కడం తక్కువగా ఉన్న మాటల్ని ముందు పట్టుకోండి, ఆ పేజీ పేరూ వివరణా సరిగా లేవన్నమాట.

ఒక మాటకి వెనక మనిషి మనసులో ఏముందో కూడా చూసుకోవాలి. జంక్షన్‌లోనే టిఫిన్ హోటలు నడిపే పెద్దాయన ఒకాయన నన్ను పట్టుకుని, "బాబూ, హనుమాన్ జంక్షన్ అని కొడితే మన హోటలే పైన రావాలి, ఎంతవుతుంది?" అన్నారు. అది ఎంత పోసినా రాదండీ అన్నాను. ఆ రెండు మాటలు కొట్టేవాడు ఇడ్లీ కోసం కొడుతున్నాడని ఏమిటి? 2001లో అదే పేరుతో సినిమా వచ్చింది. అర్జున్, జగపతిబాబు, వేణు ఉన్నది, మలయాళం 'తెంకాశిపట్టణం'కి రీమేక్. సగం మందికి ఆ కామెడీ సీన్లు కావాలి. ఇంకొకరికి గుడి, ఇంకొకరికి బస్సు టైము. ఇడ్లీ కావలసినవాడు అలా కొట్టడు. కారు సర్వీసు రోడ్డులో ఆపి, 'దగ్గర్లో టిఫిన్' అని కొడతాడు. మాట ఎంత పొడుగైతే మనిషి అంత దగ్గరికి వచ్చాడని గుర్తు. 'మామిడి' అని వెతికేవాడు బడిపిల్లాడు కావచ్చు. 'నూజివీడు చిన్న రసాలు హైదరాబాద్ డెలివరీ' అని వెతికేవాడి చేతిలో డబ్బులున్నాయి.

హోటలాయనకి వెబ్‌సైటు కంటే ముందు కావలసింది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. 2021 దాకా దీన్నే గూగుల్ మై బిజినెస్ అనేవారు. మ్యాపులో కనిపించే ఆ కార్డు ఉచితమే. వెతికినదానికి మీరు ఎంత సరిపోతారు, ఎంత దూరంలో ఉన్నారు, ఎంత పేరుంది అనే మూడింటి మీద ఆ వరస నడుస్తుందని గూగులే చెప్పింది. దూరం మన చేతిలో లేదు. మిగతా రెండూ ఉన్నాయి. ఆయన కార్డు తెరిస్తే, పిన్ను హోటలు మీద కాదు, రోడ్డుకి అవతలవైపు పడి ఉంది. మధ్యలో డివైడరు. కారువాడు యూటర్న్ వెతుక్కోవాలంటే ఇంకో హోటలుకే పోతాడు. సమయం పొద్దున 9 అని ఉంది, ఆయన తెరిచేది తెల్లారుజామున 5కి. ఆ నాలుగు గంటలూ గూగుల్ లెక్కలో ఆయన షాపు మూసే ఉంది. ఏలూరు వైపు నుంచి తెల్లారి బయల్దేరే కార్లన్నీ ఆ టైములోనే పోతాయి. రెండు దిద్దుబాట్లూ చేయడానికి పది నిమిషాలు పట్టింది. పైసా ఖర్చు కాలేదు. ఆయన నాకు పెసరట్టు పెట్టారు, దాని మీద రెండోది కూడా.

కార్డు మీద పేరుని బోర్డు మీద ఉన్నట్టే రాయండి. పేరు వెనకాల 'బెస్ట్ టిఫిన్స్ ఏసీ ఫ్యామిలీ రెస్టారెంట్ హనుమాన్ జంక్షన్' అని తోక తగిలిస్తే నిబంధనలకి విరుద్ధం, కార్డే తీసేయొచ్చు. రివ్యూకి పది రూపాయల డిస్కౌంటు ఇస్తాననడం కూడా అంతే. అడగడం తప్పు కాదు. బిల్లు కట్టేటప్పుడు నోరారా అడగండి. వచ్చిన తిట్లకి జవాబు రాయండి, పోట్లాడకండి. రాబోయే కస్టమరు చదివేది తిట్టుని కాదు, మీ జవాబుని.

అడ్రసు విషయంలో మన ప్రాంతానికి ఓ తిరకాసు ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు కృష్ణా జిల్లాలో ఉన్న నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. బాపులపాడు కృష్ణాలోనే ఉండిపోయింది. సైటులో పాత జిల్లా, ఫేస్‌బుక్‌లో కొత్త జిల్లా, మ్యాపులో ఇంకోటి ఉన్నవాళ్లని ఎందరినో చూశాను. ఫోను నంబరూ, అడ్రసూ, పేరూ అన్నిచోట్లా ఒకేలా ఉండాలి. పాత సిమ్ము నంబరు ఎక్కడో ఓ డైరెక్టరీలో మిగిలిపోతే ఆ ఆర్డరు ఎవరికో పోతుంది.

నా తప్పు కూడా చెప్పుకోవాలి, లేకపోతే ఇదంతా గట్టు మీద కూర్చుని ఈత నేర్పినట్టుంటుంది. కొన్నేళ్ల క్రితం నా సొంత సైటుకి కొత్త డిజైను చేయించాను. పాత పేజీల అడ్రసులన్నీ పొడుగ్గా వికారంగా ఉన్నాయని ముచ్చటగా మార్చేశాను. పాత అడ్రసు నుంచి కొత్తదానికి 301 రీడైరెక్టు పెట్టడం మర్చిపోయాను. ఇల్లు మారి పోస్టాఫీసులో చెప్పకపోతే ఏమవుతుంది? అదే అయింది. పదేళ్లుగా ఎవరెవరో ఇచ్చిన లింకులన్నీ తాళం వేసిన ఇంటికి పోయి తిరిగివచ్చాయి. నెల తిరక్కుండా సైటుకి వచ్చేవాళ్లు మూడోవంతుకి పడిపోయారు. కారణం గూగుల్ కక్ష అని నమ్మి ఇంకో నెల తిట్టుకున్నాను. ఆ తర్వాత గానీ బుర్రకి తట్టలేదు.

మామిడివాళ్లు, బాణసంచావాళ్లు, పండగ పిండివంటలవాళ్లు ఏటా ఇదే తప్పు ఇంకోలా చేస్తారు. ఏడాదికో కొత్త పేజీ పెట్టి పాతది తుడిచేస్తారు. ప్రతి సీజనుకీ అఆల నుంచి మొదలు. అడ్రసులో సంవత్సరం పెట్టకుండా ఒకే పేజీ ఉంచి, ఏటా రేట్లూ తేదీలూ మార్చుకోండి. పళ్లు లేని నెలల్లో 'ఏప్రిల్‌లో మళ్లీ వస్తాయి, మీ నంబరు ఇవ్వండి' అని ఉంచండి. పని మొదలుపెట్టాల్సింది పూత పడ్డప్పుడు, కాయ కోసేటప్పుడు కాదు. మార్పుల ఫలితం కనపడ్డానికి నెలలు పడుతుంది. నాలుగు నెలల నుంచి ఏడాది దాకా అని గూగుల్ మనుషులే 2017లో చెప్పారు.

వేగం గురించి ఎక్కువ చెప్పను. మీ సైటుని ఫోన్లోనే చూసి తేల్చండి, గూగుల్ కూడా ఫోన్లో కనపడే రూపాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. పేజీలో అన్నిటికన్నా పెద్ద బొమ్మో, రాత ముక్కో 2.5 సెకన్లలో కనపడాలన్నది వాళ్ల కొలత. మా వాడి ఆకు బొమ్మ తీసేస్తే సగం పని అయిపోయింది. సైటు అడ్రసు https అని మొదలవకపోతే హోస్టింగువాడిని అడగండి, ఇప్పుడది చాలాచోట్ల ఉచితం.

ఇక ఫోన్లు. వెబ్‌సైటు రిజిస్టరు చేసిన వారంలో మొదలవుతాయి. "సార్, పది రోజుల్లో ఫస్ట్ పేజీ, గ్యారంటీ." మొదటి స్థానం ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ తన సొంత సలహా పేజీలోనే రాసిపెట్టింది. మరి వాళ్లు ఏం చేస్తారంటే, ఎవరూ వెతకని మాట ఒకటి ఎంచి, దానికి మొదటి స్థానం చూపిస్తారు. లేదంటే ఎక్కడెక్కడి చెత్త సైట్ల నుంచో వెయ్యి లింకులు కొనిపెడతారు. ఇలాంటి కొనుగోలు లింకుల మీద 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే మార్పు వచ్చినప్పుడు ఎన్ని సైట్లు కుప్పకూలాయో ఈ వృత్తిలో ఉన్నవాళ్లకి ఇంకా గుర్తు. మంచి లింకు ఎలా వస్తుందంటే, మీరు పళ్లు పంపే అపార్టుమెంటు అసోసియేషన్ సైటులో, మీరు చదివిన కాలేజీ పూర్వ విద్యార్థుల పేజీలో, మీ తోట మీద రాసిన విలేఖరి వార్తలో. సంబంధం ఆరా అన్నానే, అదీ. మీ మాట మీరు కాక ఇంకొకరు చెప్పాలి.

సైటు పనో, ఎస్ఈఓ పనో చేసిపెట్టేవాళ్లతో పని పెట్టుకోవాల్సి వస్తే ఒక్క సంగతి గట్టిగా పట్టుకోండి. డొమైను మీ పేరు మీద, మీ ఈమెయిలుతో, మీ కార్డుతో కట్టి ఉండాలి. సెర్చ్ కన్సోల్‌కీ, మ్యాపు కార్డుకీ యజమాని మీరే, వాళ్లకి కార్డులో మేనేజరు, కన్సోల్‌లో యూజరు హోదా మాత్రమే. నాకు తెలిసిన ఒకాయన సైటు చేసినవాడితో మాటామాటా వచ్చి, సొంత దుకాణం పేరుతో ఉన్న డొమైను తిరిగి తెచ్చుకోవడానికి ఏడాది తిరిగాడు. పొలం పాసుపుస్తకం కౌలుదారు పేరు మీద రాయిస్తామా?

జంక్షన్‌కి బైపాస్ వచ్చింది. హైవే మీద పోయే కార్లు, లారీలు ఇప్పుడు గుడి ముందు నుంచి పోనక్కర్లేదు. ఒకప్పుడు రోడ్డు పక్కన నిలబడితే చాలు, గిరాకీ అదే వచ్చేది. ఇవాళ హోటలు కోసం పనిగట్టుకుని లోపలికి తిప్పేవాడే వస్తాడు. గూగుల్లోనూ ఇదే జరుగుతోంది. 2024లో అమెరికాలో మేలోను, మన దేశంలో ఆగస్టులోను ఏఐ ఓవర్‌వ్యూలు వచ్చాయి. ప్రశ్నకి జవాబు గూగులే పైన రాసి ఇచ్చేస్తుంది, చాలామంది కింద సైట్లలోకి దిగరు. 'కార్బైడ్ అంటే ఏమిటి' అన్న ప్రశ్నకి జనం ఇక మీ పేజీకి రాకపోవచ్చు. పండు కావాలంటే మాత్రం ఎవరో ఒకరి తోటకి రావాల్సిందే. అందుకే ఒకసారి లోపలికి తిరిగి వచ్చినవాడి ఫోను నంబరు, వాడి అనుమతితో, మీ పుస్తకంలో రాసుకోండి. ఆ పుస్తకం మీద ఏ అప్‌డేటూ పనిచేయదు.

మా వాడికి ఈ ఏడాది ఎంత అమ్మకం పెరిగిందని అడుగుతారు. పంట తక్కువ, గాలివానకి రాలిపోయింది. ఉన్న కాయంతా మే నెల సగంలోనే అయిపోయింది. కన్సోల్‌లో ఎక్కువమంది నొక్కి వచ్చిన మాట ఏదో చూశాం. నూజివీడు స్పెల్లింగు తప్పు, రసాలు స్పెల్లింగూ తప్పు. వచ్చింది మాత్రం సరిగ్గా వాడి తోటకే.

ఇప్పుడు ఈ పుస్తకం పక్కన పెట్టి, మీ వాట్సాప్ తెరవండి. పోయిన నెలలో కొత్తవాళ్లు పంపిన మొదటి ఇరవై మెసేజీలు, వాళ్ల మాటల్లోనే, తప్పులు దిద్దకుండా కాగితం మీద రాయండి. తర్వాతి అధ్యాయానికి ఆ కాగితం కావాలి.